పొలం గట్టుపై సీతాకోకచిలుక: ఛాయాచిత్రం క్షేత్ర ఆధారంగా మారే విధం

వానలు పడి నిమ్మచెట్లు కొత్త చిగుళ్ళు తొడిగే రోజుల్లో గూడూరు ప్రాంతపు తోటల్లో ఉదయం వేళ ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. నల్లని రెక్కలపై లేత పసుపు మచ్చలు, వెనుక రెక్క లోపలి అంచున ఒక ఎర్రని మచ్చ గల పెద్ద సీతాకోకచిలుక చిగురు నుండి చిగురుకు ఎగురుతూ, ఒక్కొక్కచోట క్షణకాలం ఆగి, పొత్తికడుపును వంచి, లేత ఆకుపై ఒక్కొక్క గుడ్డు పెడుతూ సాగిపోతుంది. కెమెరా చేతపట్టినవారికి అది కనుల పండుగ. తోట యజమానికి అది ఆకుతినే పురుగు రాకను తెలిపే ముందస్తు కబురు. ఇద్దరూ చూస్తున్నది ఒకే కీటకాన్ని. అది పాపిలియో డెమోలియస్ అనే శాస్త్రీయ నామం గల నిమ్మ సీతాకోకచిలుక.

వ్యవసాయ కళాశాలలో ఈ కీటకం నిమ్మను ఆశించే పురుగుల పాఠంలో వస్తుంది. రెక్కలు వచ్చిన తరువాత దాని సంగతి ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. ఛాయాచిత్రకారుని దృష్టి రెక్కల వద్దనే నిలిచి, ఆ రెక్కలను పోషించిన ఆకు వరకు పోదు. ఈ రెండు చూపులను కలపగల స్థానంలో ఉన్నవారు వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు. సెలవుదినపు సరదాగా మొదలైన సీతాకోకచిలుకల ఛాయాచిత్రణ వారి చేతిలో పొలం గట్టు స్థితిని తెలిపే క్షేత్ర ఆధారంగా మారగలదు. అందుకు కావలసినది చిత్రంలో రెక్కతోపాటు మొక్క, తేదీ, స్థలం కూడా ఉండడమే.

వల నుండి కెమెరా వరకు

ప్రపంచంలో సుమారు 18 వేల సీతాకోకచిలుక జాతులు గుర్తింపబడగా, వాటిలో 1,300కు పైగా భారతదేశంలో ఉన్నాయి. వీటిని వెదకి చూసే అభిరుచి మొదట వలతోనూ, గుండుసూదితోనూ ప్రారంభమైంది. సేకరించిన నమూనాలను పెట్టెల్లో గుచ్చి భద్రపరచడమే ఆనాటి పద్ధతి. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ ఇట్టి నమూనాల ఆధారంగా అనేక ప్రజాతులకు నామకరణం చేశాడు. నల్లని రెక్కలపై లేత నీలి చారలుండే బ్లూ టైగర్ చేరిన ప్రజాతికి 1880లో ఆయన పెట్టిన పేరు 'తిరుమల'. తెలుగువారికి నిత్యపరిచయమైన ఆ పేరు నేటికీ అంతర్జాతీయ శాస్త్ర నామావళిలో కొనసాగుతున్నది.

1957లో వింటర్-బ్లైత్ రచించిన భారత ప్రాంతపు సీతాకోకచిలుకల గ్రంథాన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రచురించింది. చాలాకాలం అభిరుచిపరులకు అదే కరదీపిక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుబంధాల్లో అనేక సీతాకోకచిలుక జాతులు చేరడంతో, వాటిని పట్టడం, చంపడం, అమ్మడం నేరమయ్యాయి. ద్వీపకల్ప భారత జాతులపై కృష్ణమేఘ్ కుంటే 2000లోనూ, దేశమంతటి జాతులపై ఐజాక్ కెహిమ్‌కర్ 2008లోనూ వెలువరించిన గ్రంథాలు రంగుల చిత్రాలతో గుర్తింపును సులభతరం చేశాయి. ఈలోగా డిజిటల్ కెమెరా, ఆపై చరవాణి అందుబాటులోకి వచ్చాయి. నేడు కీటకాన్ని చంపకుండానే నమోదు చేయవచ్చు. అయితే పాత నమూనాకు సూది కింద ఒక చీటీ ఉండేది. దానిపై స్థలం, తేదీ, సేకరించినవారి పేరు ఉండేవి. చీటీ లేని నమూనాకు శాస్త్రంలో విలువ లేదు. ఛాయాచిత్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక రెక్కచీటీ చెప్పిన కథ

అభిరుచిపరుల నమోదు ఎంత దూరం పోగలదో ఉత్తర అమెరికాలోని మోనార్క్ సీతాకోకచిలుక చరిత్ర తెలుపుతుంది. శరదృతువులో కెనడా, అమెరికా తూర్పు భాగాల నుండి ఇవి లక్షలాదిగా దక్షిణానికి తరలిపోయేవి. ఎక్కడికి పోతాయో శాస్త్రవేత్తలకు తెలియదు. కెనడా జంతుశాస్త్రవేత్త ఫ్రెడ్ అర్కర్ట్, ఆయన భార్య నోరా రెక్కపై అంటించే సన్నని చీటీలను రూపొందించి, వేలాది స్వచ్ఛంద సేవకుల సహాయంతో దశాబ్దాలపాటు వాటి దారిని వెదికారు. 1975 జనవరిలో మధ్య మెక్సికో పర్వతాలలో, సముద్రమట్టానికి దాదాపు 3 వేల మీటర్ల ఎత్తున ఉన్న దేవదారు జాతి అడవుల్లో ఆ శీతాకాలపు విడిది బయటపడింది. మరుసటి ఏడాది అర్కర్ట్ స్వయంగా అక్కడికి వెళ్ళినపుడు రెక్కకు చీటీ ఉన్న ఒక కీటకం దొరికింది. 1975 ఆగస్టులో మిన్నెసోటా రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు బాలురు అంటించిన చీటీ అది.

కథ అంతటితో ముగియలేదు. మోనార్క్ గొంగళిపురుగుకు ఆహారం మిల్క్‌వీడ్ అనే పాలు గల మొక్క. అది మన జిల్లేడుకు దగ్గరి చుట్టం, అక్కడి మొక్కజొన్న, సోయాచిక్కుడు పొలాల్లో కలుపు. అయోవా రాష్ట్రంలో కలుపు శాస్త్రవేత్త హార్ట్‌జ్లర్ 1999లో సర్వే చేసినపుడు 51 శాతం పొలాల్లో ఆ మొక్క కనబడింది. 2009లో మరల చూసినపుడు అది 8 శాతం పొలాలకు పరిమితమైంది. గ్లైఫోసేట్‌ను తట్టుకొనే పైర్ల రాకతో పొలమంతటా ఆ మందు పిచికారి సాగిన దశాబ్దమది. ఈ లెక్కలకు, స్వచ్ఛంద సేవకులు మిల్క్‌వీడ్ ఆకులపై ఏటా లెక్కించిన గుడ్ల సంఖ్యను జోడించి ప్లెజెంట్స్, ఓబర్‌హౌజర్ అనే శాస్త్రవేత్తలు ఒక అంచనా వేశారు. 1999 నుండి 2010 వరకు అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో మిల్క్‌వీడ్ 58 శాతం, మోనార్క్ ఉత్పత్తి 81 శాతం తగ్గినట్లు అందులో తేలింది. శీతాకాలపు అడవుల నరికివేత, వాతావరణ ఒడిదుడుకులు కూడా క్షీణతకు కారణాలుగా చర్చలో ఉన్నవి.

సస్యవిజ్ఞాన విద్యార్థి ఇక్కడ గ్రహించవలసిన అంశం ఒకటుంది. 1999లో ఒక కలుపు శాస్త్రవేత్త సామాన్యమైన కలుపు మొక్కను లెక్కపెట్టి ఉండకపోతే 2009 నాటి లోటు ఎవరికీ తెలిసేది కాదు. సమృద్ధిగా ఉన్నదానిని సమృద్ధిగా ఉన్నప్పుడే నమోదు చేయాలి. తగ్గిన తరువాత పూర్వస్థితిని తిరిగి లెక్కించే మార్గం లేదు.

గట్టుపై ఏ మొక్కకు ఏ సీతాకోకచిలుక

తెలుగు నేలపై పొలం గట్టు అటువంటి నమోదుకు తగిన స్థలం. కూలీల కొరత వలన గట్లపై కొడవలి స్థానాన్ని కలుపు మందు ఆక్రమిస్తున్నది. మందు కొట్టిన గట్టుపై ఏయే మొక్కలు పోతున్నవో, వాటితో పాటు ఏమి పోతున్నదో తెలియాలంటే మొక్కకూ కీటకానికీ ఉన్న బంధం ముందుగా తెలియాలి. సీతాకోకచిలుక ఏ పువ్వుపైనైనా మకరందం తాగుతుంది గాని, గుడ్లు మాత్రం తన సంతతి తినగల కొద్దిపాటి మొక్కలపైనే పెడుతుంది.

జిల్లేడు ఆకుపై నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో కనిపించే పురుగు ప్లెయిన్ టైగర్‌ది. జిల్లేడు పాలలోని విషపదార్థాలను అది తన దేహంలో నిల్వచేసుకొని, పక్షులకు రుచించని నారింజరంగు సీతాకోకచిలుకగా మారుతుంది. ఆ రక్షణను అనుకరించి అదే రంగు ధరించినది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడ సీతాకోకచిలుక. ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క మధ్యభాగంలో మూడు లేక నాలుగు నల్లచుక్కలుంటాయి. అనుకరించేదానికి ముందు అంచు వద్ద ఒక్కటే ఉంటుంది. ఎగ్‌ఫ్లై పురుగు తినేది చేలల్లో కలుపుగా పీకివేసే గంగవాయిలి కూర.

నల్లరేగడి చేలల్లో మొండి కలుపైన గాడిదగడపాకు క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే రెండు జాతులకు ఆహారం. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడుతో పాటు కసింద, రేల మొక్కలపై ఎమిగ్రంట్ జాతులు పెరుగుతాయి. ఆముదం ఆకుపై ముళ్ళపురుగుగా కనిపించేది కామన్ క్యాస్టర్. ఆముదపు పంటను ప్రధానంగా నష్టపరచే దాసరిపురుగు వేరు. అది రెక్కలపురుగుల వర్గానికి చెందినది. పెరటి కరివేపాకుపై కామన్ మోర్మన్ పెరుగుతుంది. జనుము, గిలిగిచ్చ మొక్కల ఎండిన భాగాలపై బ్లూ టైగర్ మగవి గుంపులుగా వాలుతాయి. అవి అక్కడ సేకరించేది ఆడవాటిని ఆకర్షించడానికి అవసరమైన ఆల్కలాయిడ్లను. గడ్డిచామంతి వంటి చిన్న పూలు ఈ జాతులలో అనేకానికి మకరందపు నెలవు.

ఇంతమాత్రాన గట్టుపై మొలిచిన ప్రతి మొక్కనూ ఉంచాలని చెప్పడం శాస్త్రీయం కాదు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్ళు వైరస్ తెగులుకు గట్లపై, బంజర్లలో పెరిగిన వయ్యారిభామ ప్రధాన ఆశ్రయమైంది. తామరపురుగులు ఆ మొక్క పుప్పొడితో వైరస్‌ను పైరుకు చేర్చాయి. పత్తిని ఆశించే పిండినల్లికి కూడా వయ్యారిభామ, తుత్తురబెండ ఆశ్రయమిస్తాయి. వీటిని తొలగించవలసిందే. గట్టు మొత్తాన్ని ఒకే మందుతో మాడ్చడానికీ, వయ్యారిభామను పూతకు ముందే పీకి తంగేడును ఉంచడానికీ భేదం ఉంది. ఆ భేదాన్ని రైతుకు నమ్మకంగా చెప్పాలంటే ఆయన గట్టుపైనే తీసిన చిత్రాలకు మించిన ఆధారం లేదు.

పురుగు, మిత్రపురుగు

కెమెరా పట్టినవారు పైరులో గమనించవలసిన సీతాకోకచిలుకలు కొన్ని ఉన్నాయి. వరిలో ఆకు అంచులను కలిపి కుట్టుకొని లోపల ఉండి తినే పచ్చని పురుగు స్కిప్పర్ జాతిది. తలపై రెండు కొమ్ములుండే పురుగు ఈవినింగ్ బ్రౌన్‌ది. సాధారణంగా ఇవి రెండూ స్వల్ప ప్రాధాన్యం గలవి. కంది, అలసంద పూతలో ఎగిరే తోక గల చిన్న నీలి సీతాకోకచిలుక పీ బ్లూ. దాని పురుగు మొగ్గలను, కాయలను తొలుస్తుంది. దానిమ్మలో కాయతొలుచు పురుగుకు తల్లి కూడా ఒక సీతాకోకచిలుకే. అది పూతపై, లేత కాయలపై గుడ్లు పెడుతుంది. పురుగు కాయలోకి చొచ్చుకుపోయిన తరువాత మందు పనిచేయదు. కనుక పూత దశలో దానిని గుర్తించినవారు కాయలకు సంచులు తొడగవలసిన సమయాన్ని ముందే తెలుపగలుగుతారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఏప్‌ఫ్లై. బూడిదరంగులో, చూడగానే ఆకర్షించని చిన్న సీతాకోకచిలుక ఇది. దీని పురుగు ఆకు తినదు, పిండినల్లులను తింటుంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో తొలిసారి బయటపడి దక్షిణాది తోటలకు పాకిన బొప్పాయి పిండినల్లి కూడా దీనికి ఆహారమే. పిండినల్లుల తెల్లని మైనపు పొడిని దేహంపై కప్పుకొని వాటి మధ్యనే ఉండడం వలన ఈ పురుగును కూడా పిండినల్లిగా పొరబడే అవకాశం ఎక్కువ. దీని ప్యూపా పైనుండి చూస్తే కోతిముఖాన్ని పోలి ఉంటుంది. ఆ ముఖాన్ని దగ్గరగా తీసిన ఒక్క చిత్రం రైతు చరవాణిలో ఉంటే, తోటలో మందు కొట్టే ముందు ఆయన ఒకసారి ఆగి చూస్తాడు.

చిత్రం తీసే పద్ధతి

సీతాకోకచిలుక దేహపు వేడి పరిసరాలపై ఆధారపడి ఉంటుంది. ఉదయపు ఎండలో రెక్కలు విప్పి ఒళ్ళు వెచ్చబరచుకున్న తరువాతనే అది చురుకుగా ఎగురగలదు. అందువలన ఎండ ముదరకముందు వేళ చిత్రానికి అనుకూలం. నీడ దానిపై పడకుండా, నిదానంగా, వంగి సమీపించాలి. 90 నుండి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఉంటే మేలు. సెకనులో 250వ వంతు లేక అంతకంటె తక్కువ కాలపు షట్టర్ వేగం, ఎఫ్ 8 పరిసరాల్లో ద్వారం ఉంచితే రెక్క అంతటా స్పష్టత వస్తుంది. కెమెరా ముఖం రెక్క తలానికి సమాంతరంగా ఉండాలి. ఈ సదుపాయాలు లేనివారికి చరవాణి చాలును.

ఒక్కొక్క కీటకానికి నాలుగు చిత్రాలు అవసరం. మొదటిది రెక్క పైభాగం. రెండవది రెక్కలు ముడిచినపుడు కనిపించే అడుగుభాగం. చిన్న నీలి జాతులను దీనితోనే గుర్తించగలం. మూడవది అది వాలిన మొక్క, ఆకు అమరిక తెలిసేటట్లు. నాలుగవది ఆ స్థలం మొత్తం, అనగా పైరు, గట్టు, నీటివసతి కనిపించేటట్లు. గుడ్డు, పురుగు, ప్యూపా దొరికితే వాటికి ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలి. పువ్వుపై వాలిన కీటకం ఆ దారిన పోతూ ఆగినది కావచ్చు. ఆకుపై దొరికిన పురుగు ఆ గట్టు వాసి.

తేదీని విస్మరించరాదు. ఈవినింగ్ బ్రౌన్ వానకాలంలో రెక్క అడుగున కళ్ళవంటి మచ్చలతోనూ, ఎండకాలంలో ఎండుటాకును పోలిన రూపంతోనూ కనిపిస్తుంది. తేదీ లేని చిత్రాలలో ఈ రెండింటినీ వేర్వేరు జాతులుగా భ్రమపడడం నూతన పరిశీలకులకు పరిపాటి.

నడక లెక్క

అందమైనవాటిని మాత్రమే ఎన్నుకొని తీసిన చిత్రాలు సంఖ్యను తెలుపవు. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతిని బ్రిటన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ పొలార్డ్ రూపొందించాడు. ఎంచుకున్న ఒకే దారిలో, ఒకే వేగంతో, అనుకూల వాతావరణంలో వారానికొకసారి నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందు 5 మీటర్ల పరిధిలో కనబడిన ప్రతి సీతాకోకచిలుకనూ లెక్కించడమే ఆ పద్ధతి. ఈ ప్రాతిపదికపై 1976లో మొదలైన బ్రిటన్ జాతీయ లెక్క నేటికీ కొనసాగుతున్నది. అందులో నడిచేవారిలో అధికులు అభిరుచిపరులే.

మన పరిస్థితుల్లో ఒక విద్యార్థి రెండు గట్లను ఎంచుకోవచ్చు. ఒకటి కలుపు మందు కొట్టేది, మరొకటి కొడవలితో కోసేది. రెండింటి పొడవు, పక్క పైరు సమానంగా ఉండేట్లు చూసుకొని, వాన, బలమైన గాలి లేని ఉదయాల్లో వారం వారం నడిచి లెక్క వ్రాయాలి. ఏమీ కనబడని రోజున సున్న అని వ్రాయడం మరువరాదు. ఆ సున్న కూడా దత్తాంశమే.

పాటించవలసిన నియమాలు

రైతు అనుమతి లేకుండా చేనులో అడుగుపెట్టరాదు. మందు కొట్టిన పొలంలోకి, అందులోనూ అదే రోజున, పోరాదు. కదలకుండా ఉండడానికి సీతాకోకచిలుకను శీతలయంత్రంలో ఉంచి తెచ్చి చిత్రం తీయడం, నేపథ్యం కొరకు కొమ్మలు విరవడం, ప్యూపాను ఊడదీయడం అనుచితం. తడిమట్టిపై గుంపుగా చేరి లవణాలు పీల్చే మగవాటిని తరిమి ఎగరగొట్టరాదు. గడ్డిలో మోకాళ్ళపై కూర్చునే ముందు పాములను, తేళ్ళను గమనించుకోవాలి. అరుదైన జాతి కనిపించిన చోటును అందరికీ ప్రకటించకుండా సంబంధిత శాస్త్రవేత్తలకు తెలపడం మేలు.

విస్తరణలో వినియోగం

వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామాల్లో ఉండి రైతులతో కలిసి పనిచేసే కాలం ఇట్టి నమోదుకు చక్కని అవకాశం. ఒక సీజన్ పొడవునా ఒకే గట్టును చూసే వెసులుబాటు తరువాత ఉద్యోగ జీవితంలో అరుదుగా లభిస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రాలు తమ ప్రదర్శన క్షేత్రాల గట్లపై మొక్కల, సీతాకోకచిలుకల పట్టికను ఏటా తయారుచేసి భద్రపరచవచ్చు. రైతు పంపిన పురుగు చిత్రాన్ని చూసి సలహా ఇచ్చే విస్తరణ అధికారికి కూడా ఈ అలవాటు ఉపయోగపడుతుంది. ఆకు ఏ మొక్కది, పురుగు ఏ దశలో ఉంది, ఎన్ని మొక్కలకు ఎన్ని పురుగులు అనే ప్రశ్నలు సలహాకు ముందే ఆయన నోట వస్తాయి.

మొదట చెప్పిన నిమ్మతోటకే తిరిగి వస్తే, ఆ గుడ్ల నుండి వెలువడే పురుగులు తొలి దశల్లో పక్షి రెట్టను పోలి ఉంటాయి. ఎదిగిన తరువాత ఆకుపచ్చగా మారతాయి. తాకితే తల వెనుక నుండి రెండుగా చీలిన గ్రంథిని చాచి ఘాటైన వాసన వెదజల్లుతాయి. నారుమడిలో, లేత మొక్కలపై ఇవి కొద్ది రోజుల్లోనే ఆకులన్నీ తినివేయగలవు. అక్కడ ఏరివేత అవసరం. కాపుకు వచ్చిన చెట్టుపై పదో పరకో పురుగులు దిగుబడిని తగ్గించలేవు. గుడ్లలో కొన్ని నల్లబడి ఉంటే ట్రైకోగ్రామా పరాన్నజీవి తన పని చేస్తున్నదని అర్థం. అప్పుడు పిచికారి చేస్తే నష్టపోయేది ఆ మిత్రకీటకమే.

ఈ నిర్ణయాన్ని మార్చగలిగినది ఒక చిత్రం. అందులో అందమైన రెక్క లేకపోవచ్చు. ఒక లేత నిమ్మాకు, దానిపై ఆవగింజంత నల్లని గుడ్డు, కింద తేదీ, ఊరిపేరు ఉంటే చాలు.